వంకాయపూవు రంగు

షెడ్డులో అడిగితే నాలుగు వేలన్నారు.
బండి అమ్మినా రావు నాలుగు వేలు.
గాదిలింగ హార్డ్‌వేర్ అటక మీద
ఎవరో గేటుకని కలిపించుకుని
రంగు చూసి వద్దని పోయిన డబ్బా ఒకటుంది.
మూతకు తుప్పు, పక్కన సొట్ట.
సగం ధరకిస్తావా అంటే
"మోసకపో మామా, అటకన్నా ఖాళీ అయితాది" అన్నాడు.

ఇంటికొచ్చి మూత లేపితే పైన మీగడ.
కానుగపుల్లతో చీల్చి, తిప్పి తిప్పి చూస్తే
నీలం కాదు, ఎరుపు కాదు.
"వంకాయపూవు" అంది కాశింబి.
ఇంగ దానికి వేరే పేరు రాలేదు.

శుక్రవారం బేరానికి పోలేదు.
సబ్బునీళ్లలో గరుకు కాయితం ముంచి
టీవీఎస్ బండి ఒళ్లు రుద్దినా.
నలుపు కింద ఎరుపు,
ఎరుపు కింద ఏదో పాలకేంద్రం వాళ్ల తెలుపు,
తెలుపు కింద మళ్లీ నలుపు,
దాని కింద ఇనుము.
ఇనుము కాడ ఆగినా. ఆడినుంచి నా వంతు.

నంబరు ప్లేటుకు ఆముదం పూసి
లైటుకు పాప నోటుబుక్కు అట్ట కట్టి
పక్కింటామె కాడ రోంత కిరసనాయిలు బదులు తెచ్చి
రంగు పల్చన చేసినా.
బ్రష్షు ఎప్పుడో గోడకు సున్నం కొట్టినప్పటిది.
ముసలోడు మాటకొక పన్ను రాల్చినట్టు
గీతకొక వెంట్రుక ఇడుస్తా పోయింది.

"ఒక్కటే గుంజు గుంజు. ఎనక్కి రావద్దు"
అంది కాశింబి, రొట్టె తట్టే చేతులూపుతా.
ఆమె నిలబడినంతసేపూ బాగొచ్చింది.
ఆమె నీళ్లకు పోయినాక
ట్యాంకు కింద రెండు చోట్ల రంగు కారి
చీమిడి మాదిరి గడ్డకట్టింది.

ఆదోనిలో జిన్నింగు మిల్లులు నడిచే నెలల్లో
తడిది ఏదైనా బయటపెట్టి చూడండి.
పొద్దుగూకే లోపల బండికి నూగు మొలిచింది.
వంకాయకు ముల్లుంటాది గానీ
ఇంత తెల్ల నూగు యాడిది?
ఊదితే పోదు. గిల్లితే రంగు లేచొస్తాది.
కాశింబి పాతచీర నాలుగు కట్టెలకు కట్టి
బండికి పురుడు పోసినట్టు
ఇద్దరం మొబ్బుదాకా కాపలా కూచున్నాం.

మూడోనాడు ముట్టుకుంటే వేలిముద్ర పడలేదు.
బొరుగుల మూటలు ఆ పక్కొకటి, ఈ పక్కొకటి,
ఎనక నా ఎత్తుది ఇంకొకటి.
దూరంనుంచి నేను కనపడను,
తెల్లమబ్బు ఒకటి గుడగుడమంటా పోతాంటాది.
మబ్బు కింద ఇప్పుడు వంకాయపూవు.
పెద్దతుంబళంలో ఆడోళ్లు
హారన్ కొట్టకముందే చాటలు పట్టుకుని నిలబడినారు.

మంచిదే.
కంతుల ఉరుకుందప్ప గూడా నిలబడినాడు.
ఊళ్లో నల్లబండ్లు నూరుంటాయి,
సందులో దూరితే నేనెవరో, వాడెవరో.
"మైలు దూరం నుంచి కనపడ్తాండావు బ్బా" అని నవ్వి
రెండు వారాలవీ కలిపి పట్టకపోయినాడు.

బైపాసు కాడ పోలీసాయన
కార్డు చూసినాడు, బండి చూసినాడు,
మళ్లీ కార్డు చూసినాడు.
"దీంట్లో నలుపని ఉందే?"
"మొగ్గలో నలుపే సార్. ఇప్పుడు పూసింది."
ఆయన నవ్వలేదు.
రెండు శేర్ల బొరుగులు పోయినాయి, పుట్నాలతో సహా.

ఇంకొకటి ఎవురికీ చెప్పలేదు.
మొదటి పూత తడిగా ఉండంగనే
ట్యాంకు మీద, కుడిమోకాలు తగిలే చోట
ఒక బొరుగు అతుక్కుంది.
చూసుకోలేదు. రెండో పూత దాని మీదనే పోయింది.
గీకేద్దామని గోరు పెట్టినా గానీ
అంతమేర రంగు పోతాదని ఇడ్సినా.

రైలుగేటు పడితే
గూడ్సుబండి డబ్బాలు లెక్కబెడతా నిలబడతా.
ముప్పైయో, ముప్పైరెండో, లెక్క తప్పుతాది.
బొటనవేలు అప్పటికే ఆడుంటాది,
ఆ బొరుగు మీద.